డిసెంబరులో మొరాయించే పెడళ్ళు

మా చర్చిలో ఉన్న ఆ వాయిద్యాన్ని పెడల్ స్టీల్ గిటారు అంటారన్న సంగతి నాన్నకీ నాకూ తప్ప ఎవరికీ పట్టేది కాదు. నాలుగు కాళ్ళ మీద బల్లలా నిలబడి, పైన తీగలూ కింద పెడళ్ళూ ఉంటాయి కాబట్టి సంఘమంతా దాన్ని కుట్టుమిషనే అనేది. "మాస్టారూ, ఈ వారం జాకెట్లెన్ని కుట్టారండీ?" అని ఆరాధన అయ్యాక నాన్నని ఆటపట్టించేవారు. నాన్న నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఎప్పుడో ఒక దొర దాన్ని తన దేశం నుంచి తెచ్చుకుని, వెళ్ళిపోతూ మా చర్చికి వదిలేశాడట. దాన్ని వాయించడం నేర్చుకున్నది ఊరంతటికీ నాన్న ఒక్కరే. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అమ్మ పోయాక ఆయనకి మిగిలిన సంతోషం ఆ ఆదివారం పూట వాయింపే. ఇక దాన్ని బాగుచేసే ఖర్మ నాది. ఊళ్ళో రేడియో మెకానిక్ ఒకసారి కింద తల దూర్చి చూసి, "ఇది మా లైనులోది కాదండీ" అంటూ లేచిపోయాడు. అప్పట్నించీ పానా, స్క్రూడ్రైవరూ నా చేతికొచ్చాయి.

పెడల్ తొక్కితే కింద ఒక కమ్మీ లాగుతుంది. కుడి చివర ఇనప నాలుకలాంటిది కదిలి, తీగ బిగిసి శృతి పెరుగుతుంది. కాలు తీస్తే ఆ నాలుక వెనక్కి జారాలి, తీగ పాత శృతికి దిగాలి. అంతే దాని పని. ఆ దిగడం దగ్గరే పేచీ. వేసవంతా బుద్ధిగా దిగేది. వానల్లో కాస్త సణిగేదేగానీ దిగేది. డిసెంబరు వచ్చిందంటే మాత్రం పైకెక్కి కూర్చునేది. మొగల్తూరు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి తుప్పు పట్టిందనుకున్నాను. స్ప్రింగులు సాగిపోయాయేమోనని తణుకు వెళ్ళి కొత్తవి చేయించుకొచ్చాను. ప్రతి డిసెంబరులోనూ ఒక మధ్యాహ్నం చర్చి గచ్చు మీద చాప పరుచుకుని, దాని కింద వెల్లకిలా పడుకుని, అన్నీ విప్పి, కిరసనాయిలుతో కడిగి, చుక్క మిషన్ ఆయిలు వేసి బిగించేదాన్ని. అప్పటికి బ్రహ్మాండంగా పనిచేసేది. క్రిస్మస్ తెల్లవారుజామున మళ్ళీ మొదటికొచ్చేది.

ఆ యేడు పండగ ముందు సంఘ పెద్ద ఒకాయన ఇంటికే వచ్చారు. కాఫీ పూర్తిగా తాగాక అసలు విషయం కదిపారు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. అందరూ కీబోర్డు కొందామంటున్నారండి. ఈ పండక్కి కూడా అది అపశృతి పలికిందంటే ఇంక మూల పెట్టేద్దామండి."

"అలాగేనండి" అన్నారు నాన్న.

అలాగేనండి ఏంటి? ఇన్నేళ్ళు ఒక్క ఆదివారం మానకుండా వాయించిన మనిషి, ఎదురు ఒక్క మాట అనొద్దూ? కానీ ఆ పూట ఆయన అన్నం కలిపి, తినకుండానే చేయి కడుక్కున్నారు. అది చూశాక నోరు మూసుకుని పానా తీసుకుని చర్చికి పోయాను. ఆ డిసెంబరులో రెండుసార్లు విప్పాను. పండగ ముందురోజు మధ్యాహ్నం ప్రతి పెడలూ తొక్కి చూశాం. అన్నీ చక్కగా దిగాయి. "నువ్వెళ్ళమ్మా, నేను తాళం వేసుకొస్తాను" అన్నారు నాన్న.

తెల్లవారుజామున మొదటి పాట రెండో చరణంలోనే అది ఎక్కి కూర్చుంది. ఆడవాళ్ళ గొంతులన్నీ ఒక దారి, గిటారు ఒక దారి. సంఘ పెద్ద వెనక్కి తిరిగి సైగ చేశారు. ఎక్కడి నుంచో అరువు తెచ్చిన కీబోర్డు అప్పటికే స్టాండు మీద సిద్ధంగా ఉంది. ఎంత నమ్మకమో మా మీద! కీబోర్డు అందుకుంది. నాన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ప్రసంగం మొదలవగానే పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గిటారు కింద దూరాను. టార్చి వేసి చూస్తే ఇనప నాలుకల సందుల్లో తెల్లగా, నెయ్యిలా ఏదో పేరుకుని ఉంది. వేలితో తీసి వాసన చూశాను. కొబ్బరినూనె! ఇంట్లో సీసాని పొయ్యి పక్కన పెడితేగానీ తలకి రాసుకోవడానికి కరగని కాలంలో, ఆ సందుల్లో ఇంత నూనె. నేను విప్పేది ఎప్పుడూ మధ్యాహ్నమే కాబట్టి కరిగి ఉండేది, కిరసనాయిలు కంపులో వాసనా తెలిసేది కాదు.

"నాన్నా, ఇందులో కొబ్బరినూనె పోశారా?" అన్నాను గొంతు తగ్గించి.

"కొంచెమేనమ్మా. ప్రతి పండక్కీ నువ్వెళ్ళాక వేస్తాను. మన చెట్ల కాయలదే, మంచి నూనె."

ప్రసంగం జరుగుతోంది కాబట్టి బతికిపోయారు. పక్కనే అలంకరించిన పశువుల పాకలో బాలయేసు మీద వెలుగుతున్న బల్బుని, వైరూ హోల్డరుతో సహా లాక్కొచ్చి ఆ నాలుకల కింద పట్టుకున్నాను. పాకలో చీకటి పడింది. పాస్టరు అయ్యగారు ప్రసంగం మధ్యలో ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకున్నారు. కాసేపటికి నూనె కరిగి బొట్టు బొట్టుగా నా చీర మీద పడటం మొదలైంది. పోతే పోయిందనుకున్నాను. అయ్యగారు ఆమెన్ అనే వేళకి నాలుక టక్కుమని వెనక్కి జారింది.

చివరి పాటకి నాన్న, బడిలో పిల్లల్ని ఆపినట్టు కీబోర్డు వైపు చేయెత్తి ఆపి, తనే మొదలుపెట్టారు. తొక్కిన ప్రతిసారీ తీగ ఎక్కింది, వదిలిన ప్రతిసారీ దిగింది. బల్బు పట్టుకుని కింద కూర్చున్న నాకు గర్వంతో గుండె నిండిపోయింది. ఆరాధన అయి బయటికొచ్చాక సంఘ పెద్ద, "పోనీలెండి, ఉండనిద్దాం" అన్నారు, ఏదో దానం చేస్తున్నట్టు.

ఇంటికి నడుస్తూ నాన్నని దులిపేశాను. "లెక్కలు చెప్పిన మనిషి, చలికి కొబ్బరినూనె పేరుకుంటుందని తెలీదా? నేను ఆయిలు వేశాను కదా! మళ్ళీ మీరెందుకు వేయడం?"

నాన్న నా చీర మీది నూనె మరకల వైపు చూశారు.

"ఈ చలికాలంలో నువ్వా గచ్చు మీద పడుకుంటుంటే చూడలేకపోయేవాణ్ణమ్మా. బాగా నూనె పట్టిస్తే పైయేడు విప్పక్కర్లేదనుకున్నాను."

ఏటేటా నన్ను ఆ గచ్చు మీద పడుకోబెట్టింది ఆ నూనే. అది చెబుదామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. కోపం మాత్రం పోలేదు. ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే తిట్టాను.