అడవిదున్న గుద్దిన బంపరు

పులులు తిరిగే అడవిలో పన్నెండు కిలోమీటర్లు లోపలికి వెళ్ళి, ఒంటరిగా పడుకుని వచ్చానని మా వీధి చివర టీకొట్టు దగ్గర చెప్పాను. పన్నెండు కాదు. రోడ్డు మీద వెళ్ళే బస్సు హారను వినబడేంత దూరం. పులి సంగతి నాకు తెలియదు. నేను చూసిన అతి పెద్ద జంతువు మేక. మిగతాది కూడా చెప్పేస్తాను. అబద్ధాలు గుర్తుపెట్టుకునే ఓపిక ఈమధ్య తగ్గింది.

నలభై ఏళ్ళు చేపల వ్యాను నడిపాను. దేశమంతా తిరిగానని అంటుంటాను గానీ, నా దేశానికి ఒక కొస మండవల్లి, ఇంకో కొస గణపవరం. మధ్యలో కొల్లేటి చెరువుల గట్లు. చేపల్నీ ఐసునీ ఏలూరు చేర్చడం, ఎప్పుడైనా తాడేపల్లిగూడెం దాకా వెళ్ళడం. పని మానేశాక ఏలూరులో ఉంటున్నాం, నేనూ మా ఆవిడా, ఒక చిన్న పాత వ్యానూ.

పోయినేడు కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఆ తరవాత బండిని ఒకసారి గేటుకి రాశాను. రెండుసార్లు. రెండోసారి మా ఆవిడ చర్చిలో ఉంది.

"ఇంక ఆ తాళం నాకిచ్చేయండి," అందావిడ.

"నీకెందుకు? నీకు నడపడం రాదుగా."

"రాదు కాబట్టే నా దగ్గరుండాలి. మీరు అలిసిపోయారండీ."

అలిసిపోయిన మాట నిజమే. కాకపోతే అది నేను చెప్పుకోవాలి. జేబులో బండి తాళం లేకపోతే నేను అరుగు మీద పేపరు చదివే ముసలాణ్ణి, అంతే. అందుకని ఒక మాట అనేశాను. కుర్రాళ్ళు ఫోన్లో చూపిస్తుంటారు కదా, గదీ గట్రా ఏమీ లేకుండా అడవిలో నచ్చిన చోట పడుకుని రావడం, అలా ఒక్కణ్ణే వెళ్ళి ఒక రాత్రి ఉండి వస్తానన్నాను. బండి మీద గీత పడకుండా తిరిగొస్తే తాళం నాది. పడితే ఆవిడది.

"మాటేనా?"

"మాటే."

ఆవిడ ప్రార్థన చేసి, పెరుగన్నం, మందుల డబ్బా ఇచ్చి పంపింది.

నాకు గుడారం ఎక్కడిది? తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఎప్పుడో కొన్న టార్పాలిన్, ఒక దోమతెర, మడతమంచం. జంగారెడ్డిగూడెం చేరేసరికే నడుం పట్టేసింది. టీ తాగిన ప్రతిచోటా సర్వే పని మీద వెళ్తున్నానని చెప్పాను. బుట్టాయగూడెం దాటాక అటవీశాఖ చెక్‌పోస్టు మనిషి బండిలోకి తొంగిచూశాడు.

"ఒక్కరేనా అండీ? ఈ వయసులో ఎందుకండీ ఇది?"

"ఈ వయసు కాబట్టేనండీ."

"ముందు వాగొస్తుంది, అది దాటకండి. ఇవతలే ఉండండి. మంట వెయ్యకండి. పొద్దున్నే వెళ్ళిపోండి," అన్నాడు. వాగు దాటమన్నా దాటే ఓపిక నాకు లేదు.

కొల్లేటివాడు బయట పడుకోవాలంటే ముందు మిట్ట వెతుకుతాడు. నీరు ఎటునుంచి వస్తుందో తెలియదు మరి. అలవాటు కొద్దీ చెట్ల మధ్య ఎత్తైన చోటు చూసి బండి ఆపాను. హ్యాండ్ బ్రేకు వెయ్యలేదు. మా వైపు నేల బల్లలా ఉంటుంది, బండి ఆపిన చోటే ఉంటుంది. నలభై ఏళ్ళలో హ్యాండ్ బ్రేకు నాకు తువ్వాలు తగిలించుకునే కొక్కెంగానే పనికొచ్చింది. ఆరోజు కూడా దానిమీద తువ్వాలు వేసి, గేరు తీసేసి దిగాను.

ఇంకా వెలుగు ఉంది. మంచం బయటికి లాగి వెనక తలుపు గట్టిగా వేశాను. ఆ ఊపుకి బండి కదిలింది. ముందు నా కళ్ళే అనుకున్నాను. ఆపరేషనైన కన్ను మూసి చూశాను. రెండోది మూసి చూశాను. ఎలా చూసినా వెళ్తూనే ఉంది.

పరుగెత్తుకెళ్ళి భుజం అడ్డం పెట్టానని టీకొట్టులో చెప్పాను. నాలుగడుగులు వేశాను. మోకాలు పట్టేసింది. నా బండి నేను లేకుండా, నాకంటే నిదానంగా దిగి, కింద ఒక మద్దిచెట్టును గుద్దుకుని ఆగింది. ముందు బంపరు లోపలికి పోయింది.

రాత్రి గురించి చెప్పడానికేమీ లేదు. దోమతెర కట్టుకుని పడుకుని, భయపడదామనుకుంటూ ఉండగానే నిద్ర పట్టేసింది.

తెల్లారాక మేకలు తోలుకుంటూ ఒక పెద్దావిడ వచ్చింది. బండినీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"టైరు కింద రాయెట్టలేదా?"

"మా ఊళ్ళో పెట్టరమ్మా."

"మీ ఊళ్ళో బళ్ళు లేవా ఏంటి?"

"ఉన్నాయి. జారవు."

"జారని ఊరొదిలి ఇక్కడికెందుకొచ్చావయ్యా?" అంది. బండిని వెనక్కి, పైకి ఎక్కించడానికి ఐదారుసార్లు ఆపాల్సివచ్చింది. ఆగినప్పుడల్లా ఆవిడ టైరు ముందు రాయి పెట్టింది. దారిలో టీ తాగిన ప్రతిచోటా నేనూ రాయి వెతికి పెట్టుకుంటూ ఇల్లు చేరాను.

మా ఆవిడ బంపరు మీద చెయ్యి వేసి, "ఏంటండీ ఇది?" అంది.

"అడవిదున్న," అన్నాను. కొమ్ములు ఇంతంత అని చూపించాను. బుసలు కూడా కొట్టి వినిపించాను.

ఆవిడ అంతా విని, "పశువు చేసినదానికి మిమ్మల్నేమంటాంలెండి. ప్రాణాలతో వచ్చారు, చాలు," అని వేణ్ణీళ్ళు పెట్టింది. తాళం నా జేబులోనే ఉండిపోయింది. సాయంత్రం టీకొట్టు దగ్గర అందరూ వచ్చి సొట్ట తడిమి చూశారు.

మర్నాడు బజారుకెళ్ళి వచ్చి, ఇంటిముందు బండి ఆపి, దిగి, పక్కవాళ్ళ గోడ దగ్గరున్న ఇటుక తెచ్చి టైరు ముందు పెట్టాను. ఏమీ ఆలోచించలేదు. తలెత్తేసరికి ఆవిడ గుమ్మంలో ఉంది.

"అదేంటండీ?"

"ఇటుక."

"కనబడుతోంది. ఏలూరులో బండి ఎక్కడికి పోతుందనీ?"

ఆవిడ ఇటుక చూసింది, బంపరు చూసింది, తరవాత నన్ను చూసింది. ఉద్యోగమంతా పిల్లల పరీక్ష కాగితాలు దిద్దిన టీచరు.

"ఆ దున్న కాళ్ళు ఏ రంగండీ?"

"నలుపే."

"అడవిదున్న కాళ్ళు మేజోళ్ళు తొడిగినట్టు తెల్లగా ఉంటాయండీ. బొమ్మ చూపించి మరీ చెప్పేదాన్ని పిల్లలకి."

"చెట్టు," అన్నాను. "చెట్టు తప్పు కూడా లేదు. అది అక్కడే ఉంది."

మాట మీద నిలబడి, తాళం నేనే తీసి ఆవిడ చేతిలో పెట్టానని రాద్దామనుకున్నాను. ఆవిడే చెయ్యి చాపింది. చాలాసేపు అలాగే చాపి ఉంచింది. నిలబడలేక ముందు మెట్టు మీద కూర్చున్నాను. తరవాత ఇచ్చాను.