అమావాస్య సెలవు

మా ఎదురింటి అవ్వ పోయిన సంగతి నాకు మా పాప ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు కాలేజీలో క్లాసు ముగించుకుని బయటికి వస్తున్నాను. "మగ్గం చప్పుడు లేదని పోయి చూసినానమ్మా. వాళ్లింట్లో అందరూ ఏడుస్తాండారు" అంది. ముందురోజు సాయంత్రం దాకా నేసిన మనిషి, నిద్రలోనే పోయింది. నేను మా ఊరు మైదుకూరు చేరేసరికి పాప అవ్వ కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. అప్పటికే ఏడ్చి ఏడ్చి అలిసిపోయింది. ఆ క్షణంలో నాకు కలిగింది దుఃఖం ఒక్కటే కాదు. నా బిడ్డ ఏడుపు కూడా నాకు మిగల్చకుండా ఈమే తీసుకుపోయిందే అనిపించింది. ఇది ఒప్పుకోకుండా ఆమెను గురించి రాస్తే అబద్ధమవుతుంది. ఆమె విషయంలో నేనిప్పటికే ఒక అబద్ధం ఆడి ఉన్నాను.

మా వీధిలో ఒకప్పుడు ఇంటింటా మగ్గాలుండేవి. చివరికి అవ్వదొక్కటే మిగిలింది. గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు వేలాడేసి కూర్చుని, అడుగున ఉన్న రెండు చెక్కల్ని మార్చి మార్చి తొక్కుతూ నేసేది. ఆమె మడమలు తగిలి తగిలి ఆ చెక్కల మీద రెండు గుంతలు పడ్డాయి. ఆ గుంటలోకి కోడల్ని కూడా దిగనిచ్చేది కాదు.

రెండేళ్ల కిందట పాప చదివే హైస్కూలు డ్రిల్లు సారు, కడప దారిలో ఒక బీడులో మట్టి దిబ్బలు పోయించి బీఎంఎక్స్ అనే చిన్న చక్రాల సైకిళ్ల పందేలకు ట్రాక్ తయారుచేశాడు. పెద్ద ఖర్చేమీ లేని ట్రాక్. ఎగుడు దిగుడు దిబ్బలు, వాలుగా పోసిన మలుపులు, బయల్దేరే చోట కిందికి వాలిపోయే ఒక ఇనుప గేటు. పాప ఆ చిన్న చక్రాల సైకిలును ఇంటికి తెచ్చిన రోజు అవ్వ అరుగు మీది నుంచి దాన్ని తేరిపార చూసింది. గేర్లు లేవు. సీటు పేరుకే ఉంది, తొక్కేవాళ్లు నిలబడే తొక్కాలి.

"కూచోనీకి లేని సైకిలు ఎందుకే పాపా, నెత్తిన పెట్టుకోని పోతావా?" అంది.

పాప పడీ పడీ నవ్వింది. నా మాటలకు అది అలా నవ్వి ఎన్నాళ్లయిందో అని నేను లోపల లెక్కలు వేసుకున్నాను.

దిబ్బలు ఎక్కడం, మలుపుల్లో ఒరగడం పాపకు తొందరగానే పట్టుబడ్డాయి. కష్టమల్లా గేటు దగ్గరే. ముందు చక్రాన్ని గేటుకు ఆనించి, కాలు కింద పెట్టకుండా, రెండు పెడళ్ల మీదా నిలబడాలి. గేటు ఎప్పుడు పడుతుందో తెలియదు. పడ్డ మరుక్షణం ముందుకు పోవాలి. పాప మాత్రం ప్రతిసారీ కంగారుపడి పెడల్‌ను తన్నేది, సైకిలు పక్కకు లాగేది, అందరికంటే వెనక కదిలేది. నేను చదువుకున్నదాన్ని కదా, ఊరుకుంటానా? వీడియోలు చూసి నోట్సు రాసుకున్నాను. బరువు ఎక్కడుండాలో, మోచేతులు ఎంత వంగాలో బొమ్మలు గీసి మరీ పాఠం చెప్పాను. పాప బుద్ధిగా విన్నది. మరుసటి ఆదివారం మళ్లీ వెనకే కదిలింది.

ఆ సాయంత్రం పాప గీరుకుపోయిన మోచేతితో నేరుగా అవ్వ దగ్గరికి పోయింది. అవ్వ మెత్తటి నూలుగుడ్డ తడిపి తుడుస్తూ, యాడ తప్పు పోతాండావో చెప్పమంది. పాప చెప్పింది. అవ్వ కాసేపు తన కాళ్ల వంకే చూసుకుంది. తర్వాత, కోడలికి కూడా చోటివ్వని ఆ గుంటలోకి నా బిడ్డను దించింది.

"చెక్కను తన్నగూడదు పాపా. దానిమింద బరువు పెట్టల్ల. తంతే పడుగు దారం తెగుతాది, బరువు పెడితే అదే దిగుతాది."

నా నోట్సులో నాలుగు పేజీలు పట్టిన సంగతి అది. జీవితంలో సైకిలు ఎక్కని మనిషి ఒక్క మాటలో చెప్పేసింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. సంతోషించాల్సింది. సంతోషించలేదు.

ఆ తర్వాత అరుగు ముందే సాధన మొదలైంది. పాప హెల్మెట్ పెట్టుకుని రెండు పెడళ్ల మీదా నిలబడేది. అవ్వ ఒక పలకచెక్కను ముందు చక్రానికి అడ్డంగా పట్టుకుని, ఊళ్లో కబుర్లన్నీ చెబుతూ చెబుతూ, ఉన్నట్టుండి పడేసేది. పాప దూసుకుపోయేది. అమావాస్య నాడు మగ్గం నెయ్యరు. మగ్గానికి దీపం పెట్టి, ఆ రోజుకు సెలవు. కాబట్టి అమావాస్య రోజంతా అవ్వ పాపదే. మా ఇంట్లో క్యాలెండర్ మీద పాప అమావాస్యలకు ఎర్ర సున్నాలు చుట్టేది. నా పుట్టినరోజుకు ఏ సున్నా లేదు.

కిందటేడు జరిగిన తొలి పందెం అమావాస్య నాడే పడింది. అవ్వను కారులో తీసుకుపోదామని పాప నా దగ్గర ముందే మాట తీసుకుంది. సారు పిలిస్తే ఆ రోజు పాప తెల్లవారగానే ట్రాక్ దగ్గరికి వెళ్లిపోయింది. నేను బయల్దేరే వేళకు అవ్వ తను నేసిన కొత్త చీర కట్టుకుని, అరుగు మీద సిద్ధంగా కూర్చుని ఉంది.

నేను తిథులూ శకునాలూ నమ్మను. కాలేజీలో పిల్లలకు నమ్మొద్దని చెబుతాను కూడా. ఆ రోజు మాత్రం ఆమె దగ్గరికి పోయి, "అమావాస్య పూట ప్రయాణం ఎందుకులే అవ్వా, పిల్ల పందెంలో ఉంది, ఏమన్నా అయితే..." అని ఆపేశాను. ఆమెకు అమావాస్య చెడ్డరోజు కాదు, సెలవు రోజు. ఆ సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

"సరేలే మేడమ్మా. పిల్ల బాగుండల్ల" అంది. చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ లోపలికి పోయింది.

గేటు దగ్గర పాప తల తిప్పి తిప్పి జనంలో వెతికింది. గేటు పడగానే అందరికంటే ముందు కదిలింది. రెండో మలుపులో ఇద్దరు దాటారు, మూడో స్థానం. దిగీ దిగగానే అవ్వ యాడ అని అడిగింది. మోకాళ్లు నొప్పంట, రాలేనంది అని చెప్పాను.

ఇల్లు చేరగానే అది పతకంతో అటు పరుగెత్తింది. నేను వెనకే పోయాను, నా గుట్టు బయటపడుతుందన్న భయంతో. "మోకాళ్లు నొప్పంట కదా అవ్వా?" అంది పాప. అవ్వ నావైపు ఒక్కసారి చూసింది. "శానా నొప్పి పాపా. లేయలేకపోయినా" అంది. ఒక్క మాటతో నా బిడ్డను నాకు కాకుండా చేయగలిగిన చోట ఆమె నన్ను కాపాడింది. అందుకు కృతజ్ఞత పుట్టడానికి నాకు చాలా రోజులు పట్టింది. ముందు పుట్టింది అసూయే. అంత పెద్దమనసు కూడా ఆమెకే ఉండాలా అని.

ఆమె పోయాక వచ్చిన మొదటి అమావాస్య నాడు పాప వాళ్లింటికి పోయి, మగ్గానికి దీపం పెట్టి వచ్చింది. వచ్చి మా అరుగు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చుని జరిగింది చెప్పాను. ఎందుకు చేశానో కూడా చెప్పాను. అది మాత్రం సరిగా చెప్పగలిగానో లేదో తెలియదు.

పాప ఎదురింటి అరుగు వైపు చూసింది. తర్వాత, "ఆ పొద్దు సాయంత్రం గూడా అవ్వ కొత్త చీరలోనే ఉండాది. మోకాళ్లు నొప్పుంటే కొత్త చీర ఎందుకు కట్టుకుంటాదమ్మా?" అంది.

అంటే ఏడాదిగా ఆ ప్రశ్న దాని లోపలే ఉంది. అవ్వనూ అడగలేదు, నన్నూ అడగలేదు.

లేచి లోపలికి పోయి సైకిలు తెచ్చింది. ఎదురింటి గోడకు ఆనించి ఉన్న పలకచెక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. హెల్మెట్ బిగించుకుని, ముందు చక్రాన్ని చెక్కకు ఆనించి, రెండు పెడళ్ల మీదా లేచి నిలబడింది. తన్నకుండా, బరువు పెట్టి.

"చెప్పకుండా పడేయల్ల" అంది, నావైపు చూడకుండా.

చెక్క పైఅంచు అవ్వ చేయి పట్టిన చోట నున్నగా అరిగి ఉంది. దూరమవ్వడానికి సిద్ధంగా నా బిడ్డ నాకు మూరెడు దూరంలో, కదలకుండా నిలబడి ఉంది. అవ్వ లాగా కబుర్లేవైనా చెబుదామనుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అనుకుంటూ ఆ చెక్కను అలాగే పట్టుకుని ఉన్నాను.