నంజప్ప తెరలో మా గుట్ట

మా ఆయన నంజప్ప తెరలు గీసేవాడు. నాటకాల తెరలు కాదు, ఫోటో స్టూడియోల్లో మనుషుల వెనక వేలాడే తెరలు. కృష్ణగిరిలో, హోసూరులో పాత పెళ్ళి ఫోటోలు తీసి చూడండి. వెనక మెట్లు, చందమామ, నీళ్ళు ఉంటే సగానికి సగం ఆయన చేతివే. నేను రెండో తరగతితో ఆపేసినదాన్నే, అయినా మంచి తెర ఏదో, సున్నం కొట్టిన గోడ ఏదో నాకు తెలుసు.

ఆయనకు ఎవరూ నేర్పలేదు. వేప్పనపల్లి పక్క మా పల్లెలో గొర్రెలు మేపుతూ, బండల మీద బొగ్గుతో గీసి తిరిగిన చెయ్యి అది.

తొంభై మూడులో స్టూడియో శ్రీరంగప్ప కృష్ణగిరి డ్యాము తెర అడిగాడు. గేట్లు, నీళ్ళు ఉన్నవి ఉన్నట్టే దించాడు ఈయన. కానీ నీళ్ళ వెనక మా పల్లె గుట్టను నిలబెట్టాడు. నెత్తిన పొడుగు బండ, నడుమ గొర్రెల దారి, పక్కన కానుగచెట్టు.

శ్రీరంగప్ప తల పట్టుకున్నాడు. "ఏమప్పా నంజప్పా, డ్యాం ఎనక ఈ గుట్ట యాడిది? పుట్టినప్పటినుంచి చూస్తా ఉండాను, ఆడ లేదే!"

"గుట్ట లేకుంటే మందను యా పక్క తిప్పుకునేదప్పా?"

"నా స్టూడియోకు మంద యాడొచ్చిందయ్యా?"

గొర్రెలు కాచినవాడికి గుట్ట కనిపించని చోటు చోటే కాదు. పొద్దు వాలితే దాన్ని చూసే కదా ఇంటిదారి పట్టేది. ఫోటోలు తీసేవాడికి ఆ సంగతి ఏం తెలుస్తుంది? గుట్ట మీద మబ్బులు పూసెయ్యమన్నాడు. పూసేలోగా వెలుతురు చూసుకోవడానికి ఒక ఫోటో తీశాడు. సద్ది తీసుకుపోయిన నన్నే నిలబెట్టారు.

"మే కెంపమ్మా, నడుమకు రా" అన్నాడు మా ఆయన.

తర్వాత శ్రీరంగప్ప ఆ ఫోటో ఇవ్వబోతే నేనే వద్దన్నాను. "నా మొగం నాకు తెలీదా? నీ గోడకే తగిలించుకో, దిష్టి పోతాది."

రెండు వేల సంవత్సరంలో గుట్టకు రాయి కొట్టేవాళ్ళు వచ్చారు. మొదట పొడుగు బండ పోయింది, తర్వాత దారి, చెట్టు. ఇప్పుడు అక్కడ గుంత, గుంతలో పచ్చనీళ్ళు. మా ఆయన ఒకసారి గుట్టను గీయబోయి బొగ్గు పారేశాడు. "బండ ఒంపు గుర్తు రాలేదుమే" అన్నాడు. రెండు వేల ఐదులో ఆయనా పోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ ఫోటో. గుట్టను ఇంకొక్కసారి చూడాలని బస్సెక్కాను. స్టూడియోలో తెరలు లేవు. శ్రీరంగప్ప కూతురు భువన కంప్యూటరు ముందు కూర్చుని ఉంది.

"ఏ చోటు కావాలవ్వా? ఊటీ, తాజ్‌మహల్, మంచుకొండలు, ఏదైనా నీ ఎనక పెట్టేస్తాను."

"మా గుట్ట పెట్టుమ్మా."

"అది ఇందులో లేదవ్వా."

"మరెందుకుమ్మా ఇంత పెద్ద పెట్టె?"

నవ్వి, అటక మీది అట్టపెట్టెలు దించింది. మధ్యాహ్నానికి ఫోటో దొరికితే కంప్యూటరులోకి ఎక్కించి చూపించింది.

ఫోటోలో నేనున్నాను. పచ్చ చీర, చేతిలో సద్దిగిన్నె, ఎవరినో తిట్టబోతున్న మొహం. నడుమన నిండుగా నిలబడ్డాను. డ్యాం గేట్లు రెండు పక్కలా బాగానే కనిపిస్తున్నాయి. గుట్ట నా వెనక ఉంది. భుజం పక్కన గొర్రెల దారి కొస, చెవి పక్కన కానుగ కొమ్మ. అంతే.

"నన్ను తీసెయ్ భువనా" అన్నాను.

"తీస్తే నీ చోటు తెల్లగా ఉంటాదవ్వా. ఎనక ఏముండిందో దీనికి తెలీదు."

"నాకు తెలుసు కదా, చెప్తాను రాసుకో."

చెట్టు చెప్పాను. దారి చెప్పాను. భువన మౌసు పట్టుకుని, పైన బండ ఎటు వంగి ఉంటుందవ్వా అని అడిగింది. చెయ్యి ఎత్తాను. ఎటు తిప్పాలో నాకూ గుర్తు రాలేదు.