నాయన గుంతలో నీళ్లు

మిట్టమధ్యాహ్నం మగ్గం ముందు కూర్చున్నప్పుడు చెవి పక్కన సన్నగా రొద వినిపిస్తే ఇప్పటికీ నా చేతిలో అటూ ఇటూ పోగు నడిపే నాడె ఆగిపోతుంది. ధర్మవరంలో మా వీధి ఆశా కార్యకర్త ఖాజాబీ అత్త గుర్తుకొస్తుంది.

నాకు పన్నెండేళ్లప్పుడు నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే కన్నుమూశాడు. పోయినవారికి దప్పికవుతుందని పదకొండో దినం దాకా నీళ్లు పెట్టడం మా ఇంటి ఆచారం. అమ్మ ఆ తర్వాతా ఆపలేదు. ఆయన కాళ్లుండే చోట కుండ ఉంచి, తగ్గినకొద్దీ పైన పోసేది. పాత నీళ్లు పారబోయడం పాపమనుకునేది. ఎప్పుడూ మూసి ఉండే ఆ మగ్గం గదిలోంచి కొన్నాళ్లకు పట్టపగలే, ఎవరో పట్టుపోగు లాగుతున్నట్టు రొద మొదలైంది. అమ్మ తలుపుకు చెవి ఆనించి వినేది.

"మీ నాయన ఈడనే ఉండాడు" అనేది.

నాకు భయమేసేది. అయినా ఆ రొద ఆగిపోకూడదనే ఉండేది.

అంతలో తమ్ముడికి జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో డెంగీ అన్నారు. "నాయన పిలుస్తాండాడు" అని వాడు కలవరిస్తుంటే అమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. మరుసటి రోజు వాడి దగ్గర మేనమామను ఉంచి మేము బట్టల కోసం ఇంటికొస్తే, డెంగీ కబురు విని వచ్చిన ఖాజాబీ అత్త గడపలో ఉంది.

"రాత్రిళ్లు దోమతెర కడతానే ఉండాం కదా" అంది అమ్మ.

"ఇది పగలు కుట్టే దోమ వదినా. ఇంట్లో నీళ్లు యాడ నిలబెట్టినారు?"

మూసి ఉన్న మగ్గం గది తలుపు వైపు నేను చూశాను. అత్త చెప్పులు విడిచి, తల మీద కొంగు కప్పుకుని లోపలికి వెళ్లింది. తలుపు తీయగానే రొద మా ముఖాల మీదికి వచ్చింది. టార్చి వేసి నన్ను పిలిచింది. కుండ నీళ్లలో వెంట్రుకముక్కల్లాంటి పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. నా నీడ పడగానే అన్నీ ఒక్కసారిగా అడుక్కి దిగాయి.

అత్త అమ్మను తిడుతుందనుకున్నాను. "నీళ్లు పెట్టొద్దనను వదినా. అన్నకు దప్పికైతే మంచినీళ్లే ఇయ్యాల గదా. దినామూ పారబోసి, కుండ లోపల గట్టిగా రుద్ది కడుగు. దోమ గుడ్లు కుండ గోడకు కరుచుకుని ఉంటాయి" అంది.

కుండను అమ్మే ఎండలోకి తెచ్చి వంచింది. వేపాకు పొగ వేసి కిటికీలు తెరిచాక గది మూగబోయింది. అమ్మ అప్పుడు ఏడ్చింది. "ఇంక నిజంగా పోయినాడు పాపా" అంది. సాయంత్రం దాకా అత్త ఆమె పక్కనే కూర్చుంది.

తమ్ముడు బతికి ఇల్లు చేరాడు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం అత్త నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కూలర్లూ తొట్లూ ఖాళీ చేయించేది. ఎవరింటి ఆచారాన్నీ తప్పుపట్టకుండా పని చేయించడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆమె పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నది నేను. రొద వినగానే ఇప్పటికీ ముందు "నాయనా" అనే అనుకుంటాను. తర్వాతే లేచి, నీళ్లు ఎక్కడ నిలిచాయో వెతుకుతాను.