మెట్టు మీద చప్పుడు

పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులు. తెలకపల్లి అవతల మా చేనులో ఒక దిగుడుబావి ఉండేది. తాగడానికీ చేనుకూ ఆ నీళ్ళే. అందులో ఒక జత కొర్రమీన్లు ఉండేవి. తొలకరి పడగానే అవి నాచును తోకతో నెట్టి చాటంత జాగా చేసుకునేవి. పసుపుపచ్చటి గుడ్లు అక్కడ నీటిమీద తేలేవి. ఆడది గుడ్లు పెట్టి తప్పుకునేది. మగది కిందే కదలకుండా కావలి ఉండేది. రెండు రోజుల్లో గుడ్లు పగిలి ఎర్రటి పిల్లలు ముద్దగా పైకి వచ్చేవి. వాటి కింద తండ్రి నల్లటి వీపు కనిపించేది.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక కట్టుబాటు. బిందె ముంచే ముందు దాని అంచును మెట్టుమీద మూడుసార్లు కొట్టాలి. చేపపిల్లలు పక్కకు జరిగాకే ముంచాలి. చేపలకు తలుపు తట్టడమేమిటని కాపురానికి వచ్చిన కొత్తలో నవ్వాను. నవ్వుతూనే అలవాటు చేసుకున్నాను.

ఒక వానాకాలం నాలుగేళ్ళ నా కూతురికి జ్వరం పట్టి ఇరవై రోజులు వదల్లేదు. వదిలాక లేచి నిలబడలేకపోయింది. నాగర్‌కర్నూలు హకీం నాడి చూసి కొర్రమీను పులుసు తాపమన్నాడు. వారం వెతికినా ఎక్కడా చేప దొరకలేదు. పుల్లల్లాంటి బిడ్డ కాళ్ళు చూస్తే నాకు భయమేసేది. మన బావిలోదే పట్టమని నా భర్తను నేనే అడిగాను.

అత్తమ్మ అడ్డం వచ్చింది. "పిల్లలు పైననే ఉన్నయి. ఇంక పదిహేను దినాలు ఆగుండ్రి. గా మగది లేకుంటె ఒక్కటి గూడ బత్కదు."

"నా బిడ్డ కంటె గవి ఎక్కువనా అత్తమ్మా?" అన్నాను. నాకు నోరెక్కువ.

నా భర్త గాలానికి కప్పను గుచ్చి పిల్లల పక్కన వదిలాడు. వదిలీ వదలకముందే మగచేప పట్టేసింది. ఇంత సులువా అనుకున్నాం. దాన్ని కోసింది నేనే. కడుపు ఖాళీగా ఉంది, కావలికి దిగినప్పటి నుంచీ ఏమీ తిననట్టు. అది ఆకలికి పట్టలేదు, కప్ప తన పిల్లల దగ్గరికి వచ్చిందని పట్టింది. అయినా చింతపండు పిసికి పులుసు పెట్టాను.

అత్తమ్మ ముట్టలేదు. కూతురు తాగింది. పది రోజులకు నడిచింది, పరుగెత్తింది కూడా. కావాలనే దాన్ని అత్తమ్మ ముందర పరుగెత్తించేదాన్ని.

బావిలో ఎర్రటి ముద్ద మాత్రం రోజురోజుకూ చిన్నదయింది. కప్పలు, నీటిపాములు మెట్లదాకా వచ్చేవి. ఐదోరోజు నేను బిందె కొడితే నీళ్ళలో ఏదీ పక్కకు జరగలేదు. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. తర్వాత బిందెలో సన్నటి తెల్లటి నలుసులు అటూ ఇటూ ఆడుతూ కనిపించేవి. అలాగే తాగాం.

మరుసటి ఎండాకాలం కూతురి మడమ పైన బొబ్బ లేచింది. అది పగిలి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టింది. నారికురుపు. పుల్లకు చుట్టి రోజుకింత లాగుతుంటే పురుగు మధ్యలో తెగింది. కాలు వాచి, మడమ బిగుసుకుపోయింది.

నారిపురుగు నీళ్ళలోని ఆ నలుసుల్లోనే వస్తుందని, చేపపిల్లలు వాటిని తింటాయని చాలా ఏళ్ళకు దవాఖానలో ఒక డాక్టరు చెప్పాడు. చేపలున్న బావుల వాళ్ళకూ వచ్చింది కదమ్మా, తప్పు నీదేనని ఎట్లా అంటామన్నాడు. మంచిమనిషి. అత్తమ్మ పోయేదాకా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, పోట్లాడేదాన్ని.

నా కూతురు ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది. ఇంటి మెట్టుమీద ఆ కర్ర చప్పుడు వినబడితే, ఏ పనిలో ఉన్నా నేను పక్కకు జరుగుతాను.