మిల్లు గోడ మీది బొజ్జ

మా వీధిలో బోర్డులు రాసే సాయిబన్న జీవితంలో ఒకే ఒక్క తిట్టు బొమ్మ వేశాడు. చిల్లకూరు రోడ్డులోని బియ్యం మిల్లులో కూలీలు సమ్మె చేసిన ఏడాది, వాళ్లు అడిగితే, ప్రహరీగోడ మీద యజమానిని గీశాడు. బస్తాల మీద కూర్చుని రెండు చేతులా అన్నం తింటూ ఉంటాడు. గోడలో సగం బొజ్జే. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. దారిన పోయేవాళ్లు నవ్వడం చూసి, ఇక విప్లవం వచ్చేసినట్టేనని లెక్కేసుకున్నాను. సమ్మె ముగిసింది, బొమ్మ మిగిలింది.

యజమాని దాని మీద సున్నం కొట్టించేలోగా ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు మిల్లులో కంటబడిన ప్రతిదానికీ బొట్టు పెడతారు: మిషనుకు, కాటాకు, జల్లెడకు, చీపురుకు. కొత్తగా చేరిన కూలీలు గోడ మీది బొజ్జకూ పెట్టారు. అంత తీరిగ్గా తింటున్నవాడు దేవుడు కాక ఇంకెవరని వాళ్ల ఉద్దేశం. బొట్టు పెట్టిన దాని మీద సున్నం కొట్టడానికి ఒక్కడూ ముందుకు రాలేదు. యజమానికీ భయమేసినట్టుంది, ఊరుకున్నాడు. తరువాతి ఏడు నుంచి దండ కూడా పడింది.

కొన్నేళ్లకు ఆయన పోయాడు. మద్రాసులో చదువుకుని వచ్చిన కొడుకు, కూలీలు అభిమానంతో తన తండ్రి బొమ్మ వేయించుకున్నారనుకున్నాడు. రంగు వెలిసింది, దిద్దమని సాయిబన్నకు కబురు పంపాడు.

"నిజం చెప్పేయన్నా. అది మీ నాయన్ని తిట్టిన బొమ్మ అను" అన్నాను.

"చెప్తానమ్మా. నేను ధైర్యంగా చేసింది అదొక్కటే. అదీ దేవుడి పటమైపోతే నాకేం మిగిలినట్టు?"

"నువ్వు చెప్పకపోతే నేనే పోయి చెప్తా."

"నువ్వు చెప్తే ఉపన్యాసమైపోద్దిలే" అని బయలుదేరాడు.

సాయంత్రం చేతుల నిండా రంగుతో వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"చెప్పినావా?"

"బొమ్మ ముందర నిలబడి ఏడస్తా వుండాడమ్మా. మా నాయన ఇంట్లో ఏనాడూ మాతో కూర్చోని తిన్లేదు, ఇక్కడన్నా కడుపు నిండా తింటా వుండాడు అంటాడు."

"దానికి నువ్వేం చేసినావు?"

"మెతుకులు ఇంకాస్త తెల్లగా దిద్దినా."

చేతుల రంగు గుడ్డకు తుడుచుకుంటూ తనే అన్నాడు: "కింద నా పేరు రాయమన్నాడు. సమ్మెప్పుడు పోలీసులకి భయపడి రాయలేదు గదా."

"ఇప్పుడు రాసినావా?"

"రంగు అయిపోయిందని చెప్పినా."

పక్కన పెట్టిన డబ్బాలో సగానికి పైగా రంగు ఉంది.