మెయిన్ ఆపకుండా చేయవలసిన పని

సోమవారం ఉదయం షట్టరు ఎత్తగానే ఒక వాసన ముఖాన కొడుతుంది. ఇనుము కోసేటప్పుడు వేడెక్కకుండా పోసే నూనె కలిపిన నీళ్లు ఆదివారమంతా తొట్టిలో కదలకుండా ఉండి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తాయి. ఒక్కరోజు పని ఆగితేనే ఆ నీళ్లు ఇంత కంపు కొడుతున్నాయే, ఎనిమిదో తరగతితో పని ఆపేసిన నా బుర్ర మూత తీస్తే మా షెడ్డున్న హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల పేట మొత్తం ఖాళీ చేయించాల్సి వస్తుంది. ఈ మాట చెప్పి చాలామందిని నవ్వించాను. నవ్వనిది ఒక్క పైడిరాజుగారే. ఆయన ముక్కు మూసుకోకుండా తొట్టి మీదికి వంగి, ఆ నీళ్లలో వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య రుద్ది చూసి, "పంపు ఆడించు. గాలి తగల్తే కంపు పోతాది. నీ బుర్రకీ అదే వైద్యం" అన్నారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఇవాళ్టికీ ఆ వాసన తగిలితే నా చెయ్యి ముందు పంపు స్విచ్చి దగ్గరికే పోతుంది.

ఆయనది విజయనగరం వైపు ఊరు. భిలాయి ఉక్కు కర్మాగారంలో యంత్రాల మరమ్మతు చూసి, రిటైరయ్యాక వైశాలి నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఇంట్లో కూర్చుంటే కీళ్లు బిగుస్తాయని రోజూ స్కూటరు మీద మా షెడ్డుకు వచ్చేవారు. షెడ్డు సత్యవతి దీదీది. భర్త పోయాక మూసేస్తుందని అందరూ అనుకుంటే, తాళంచెవులు నడుముకు దోపుకుని వచ్చి ఆయన కుర్చీలోనే కూర్చుంది. ఆమె పుట్టింది భిలాయిలోనే. తెలుగు మొదలుపెట్టి హిందీలో దిగుతుంది. నేను అక్కడ మిల్లింగు యంత్రం నడిపేవాణ్ని. అంకెలు కొడితే దానంతటదే ఇనుము చెక్కే సిఎన్‌సి రకమే గానీ, దీదీ భర్త ఎవరో వాడి వదిలేస్తే తెచ్చింది. నా పెళ్లికంటే పాతది. అయినా నా పెళ్లికంటే తక్కువ గొడవ చేసేది.

దానికి ఏ జబ్బు చేసినా పైడిరాజుగారే వైద్యులు. పక్కన నిలబడి నేను నేర్చుకున్నాను. అప్పటికే నాకు ముప్పై అయిదేళ్లు, ఇద్దరు పిల్లలు. ఆ వయసులో పాఠం చెప్పించుకోవడం నామోషీగా ఉండేది కాబట్టి ప్రతి పాఠానికీ ఒక జోకు కలిపి మింగేవాణ్ని. ఆయన మొదటి పాఠం ఒకటే. కరెంటు పెట్టెలో చెయ్యి పెట్టేముందు మెయిన్ ఆపాలి. ఆపినట్టు అట్టముక్క కట్టాలి. తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకోవాలి.

"జేబంటే వొంటి మీదున్న సొక్కా జేబు. మేకుకి తగిలించిన సొక్కాది కాదు" అనేవారు.

"మరి నేను చొక్కా వేసుకోకపోతే, గురూగారూ?"

ఆయన ఎడమచెయ్యి పైకెత్తారు. చూపుడువేలు సగమే ఉంది. "మెయిన్ ఆపడం మరిసిపోనేదురా. ఆపీసి తాళంసెవి పక్కోడి సేతికిచ్చినాను. ఆడు టీకెళ్తా ఇంకోడికిచ్చినాడు." ఆ రోజు నా దగ్గర ఇంకో జోకు పుట్టలేదు.

అలా రెండేళ్లు గడిచాయి. గేరు పెట్టెల ఆర్డరు ఒకటి వచ్చింది. అప్పటికే యంత్రం రెండుసార్లు ఆగి దీదీని విసిగించింది. "అప్పన్నా, ఇంకొక్కసారి ఇది కూర్చుందంటే బస్, కబాడీ వాణ్ని పిలిచి తూకానికి ఇచ్చేస్తా. కొత్తది తెచ్చుకుంటా. దానికి డిప్లొమా చదివినవాడు కావాలట, కంపెనీ వాళ్లు ముందే చెప్పారు" అంది. నా మీద కోపంతో అన్నది కాదు, ఉన్నది చెప్పింది. కానీ నాకు మాత్రం యంత్రాన్నీ నన్నూ ఒకే తక్కెడలో వేసి తూచినట్టనిపించింది. అది పాత ఇనుముకు పోతే నన్ను కొనేవాడు కూడా ఉండడు. ఇంటికెళ్లి మా ఆవిడకు చెబితే, "నీకు బరువు తక్కువ, దానికి వచ్చినంత కూడా రాదు" అంది.

ఆ వారంలోనే పైడిరాజుగారు మేనకోడలి పెళ్లికని ఊరెళ్లారు. ఆయన వెళ్లిన మూడోరోజు యంత్రం తెర మీద బ్యాటరీ గుర్తు మినుకుమనడం మొదలైంది. బ్యాటరీలే కదా, టార్చిలైటుకు వేసేలాంటివే. ఆయన తిరిగొచ్చేసరికి ఆ పని చేసి ఉంచి శభాష్ అనిపించుకుందామనుకున్నాను. ఎంత శ్రద్ధగా చేశానో చెప్పాలి. మెయిన్ ఆపాను. అట్టముక్క కట్టాను. తాళంచెవి వొంటి మీదున్న చొక్కా జేబులోనే వేసుకున్నాను. పాత బ్యాటరీలు తీసి, చిలుం పట్టిన రేకులు గరుకు కాగితంతో తళతళలాడేలా రుద్ది, టీ తాగి వచ్చి, కొత్తవి పెట్టాను. మెయిన్ వేశాను. తెర మీద అన్నీ సున్నాలు, నా లెక్కల పరీక్ష కాగితంలాగా. యంత్రానికి తన ఒళ్లు తనకే తెలియదు. ఏ వైపు కుడి, ఏ వేగంతో కదలాలి, ఎంత దూరం పోయి ఆగాలి, ఇవన్నీ దాని జ్ఞాపకంలో అంకెలుగా ఉంటాయి. ఆ జ్ఞాపకమంతా తుడిచిపెట్టుకుపోయింది.

ఆ సాయంత్రం దీదీ ఫోను చేస్తే, "కొంచెం నలతగా ఉంది, గురూగారు వచ్చి చూస్తారు" అన్నాను. నలత యంత్రానికో నాకో చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న పైడిరాజుగారు రైలు దిగి నేరుగా వచ్చారు, చేతిలో మాడుగుల హల్వా పొట్లంతో. తెర వైపు చూశారు. మెయిన్‌కు ఇంకా వేలాడుతున్న అట్టముక్క వైపు చూశారు.

"బేటరీలు మార్సీసినావేటి?"

"మార్చానండి."

"మెయిన్ ఆపీసి?"

"ఆపే మార్చానండి. తాళంచెవి జేబులోనే ఉంది, ఇదిగో."

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. తిడతారని భుజాలు బిగించుకుని నిలబడ్డాను. ఆయన మాత్రం, "నాను సెప్పినట్టే సేసినావురా. వొక్క అక్షరం తప్పనేదు" అన్నారు. మెయిన్ ఉన్నంతసేపూ ఆ జ్ఞాపకానికి మెయినే అన్నం పెడుతుందట. మెయిన్ ఆగితే బ్యాటరీలు పెడతాయట. రెండూ ఒకేసారి లాగేస్తే అది ఆకలికి చచ్చినట్టే. ఈ ఒక్క పనీ మెయిన్ ఆపకుండానే చేయాలి. "ఉక్కు కంపెనీలో ఉన్నన్నాళ్లూ మెయిన్ ఆపకుండా సెయ్యి పెట్టమని నా నోట్లోంచి వొక్కసారీ రానేదు. నీకూ సెప్పడానికి నోరు రానేదు" అన్నారు.

అంతలో దీదీ స్కూటీ ఆగింది. లోపలికి వచ్చి తెరను చూసి, నన్ను చూసింది. నేను నోరు తెరిచేలోపు ఆయన లేచారు.

"నాదే తప్పమ్మా. ఊరెళ్తా ఎళ్తా బేటరీలు మార్సమని సెప్పినాను. మెయిన్ ఆపొద్దని సెప్పనేదు."

మార్చమని ఆయన చెప్పలేదు. అసలు బ్యాటరీల ఊసే ఎత్తలేదు. ఆ ముక్క నా నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. దీదీ ఆయన్ని చూసింది, మళ్లీ నన్ను చూసింది. "మీరు చెప్పాక ఇంకేముంది బాబాయ్. నాలుగు రోజులు. అయిదో రోజు కబాడీ వాడు వస్తాడు" అని వెళ్లిపోయింది.

పెట్టె తలుపు లోపలి వైపు, యంత్రం చేసినవాళ్లు అంటించిన కాగితమొకటి ఉంది. ఆ అంకెలన్నీ అందులో ఉన్నాయి. కాగితం నూనె తాగి పకోడీ పొట్లంలా తయారైంది. పైడిరాజుగారు భూతద్దం పట్టుకుని ఒక్కో అంకే చదివేవారు, నేను మీట నొక్కేవాణ్ని. ఒక వరుస అయ్యాక తెర మీద ఉన్నది నేను చదవాలి, ఆయన కాగితంతో సరిచూడాలి. మధ్యలో అంకె తప్ప ఇంకేదైనా మాట వస్తే ఆ వరుస మళ్లీ మొదటి నుంచి. నేను ఒక్క మాటా ఎక్కువ మాట్లాడలేదు. మూడోరోజు మొదటిసారి యంత్రం బల్లను కదిపి చూశాం. కుడికి రమ్మంటే ఎడమకు పరుగెత్తింది. ఆయన చెయ్యి ముందునుంచే యంత్రాన్ని ఆపే ఎర్రమీట మీద ఉంది కాబట్టి సరిపోయింది. ఒక్కచోట ఒకటికి బదులు సున్నా కొట్టాను. ఇంకెప్పుడైనా అయితే ఆ బల్ల మీద వారానికి సరిపడా హాస్యం ఆడి ఉండేవాణ్ని. ఆ రోజు మాత్రం వంచిన తల ఎత్తకుండా సున్నాను ఒకటి చేశాను.

కాగితంలోవన్నీ ఎక్కించినా కొలతలు కుదరలేదు. నేను కాగితం మళ్లీ మొదటి వరుస నుంచి తీశాను. ఆయనకు మాత్రం ఉత్సాహం వచ్చింది. బల్ల మీద, వెంట్రుకవాసి కదలికను కూడా ముల్లుతో చూపే డయల్ గేజీ నిలబెట్టి, బల్లను ఇటు జరిపి అటు జరిపి, ముల్లు ఎంత ఆలస్యంగా కదులుతుందో చూడమన్నారు. "కాయితం మీదున్నది కొత్త మిసను. ఇక్కడున్నది ముసిల్ది. మరల్లో వొదులొచ్చీసినాది. ముసిల్దాని లెక్క ముసిల్దాన్నే అడగాల" అన్నారు. అడిగాం. ఒక్కో వైపు పదేసిసార్లు అడిగి, అది చెప్పిన లెక్కే ఎక్కించాం. నాలుగోరోజు మధ్యాహ్నం ఒక గేరు పెట్టె మూత చెక్కి కొలిస్తే, ఎక్కడ ఎంత ఉండాలో అంతే ఉంది. దీదీ ఆ మూత అంచు మీద బొటనవేలు నడిపించి, కబాడీ వాడికి ఫోను చేసి రావద్దంది. పెళ్లి హల్వా అప్పుడు విప్పాం. గట్టిపడిపోయింది, అయినా ముక్క మిగల్లేదు.

ఆ తర్వాత ఆయన నా చేత ఒక నోటుబుక్కు కొనిపించారు. ఆ అంకెలన్నీ నా చేత్తోనే రాయించారు. బడి మానేశాక నేను అంత రాసింది అదే మొదలు. "ముట్టుకునేముందు ఎలాగున్నాదో రాయి. పాడుసేసుకోడం తరవాత సంగతి" అనేవారు. ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. ఒక మర విప్పాలన్నా ముందు రాస్తాను. పాతదాని దగ్గరికి వెళ్తే కాగితాన్ని నమ్మను, దాన్నే అడుగుతాను. యంత్రం మీద అయిన ఈ అలవాటు మెల్లగా మనుషుల మీదికీ వచ్చింది. మా నాన్నకు ఎంత ఉప్పు వేయాలో డాక్టరు చీటీ చదువుతాను గానీ, ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు ఆయన ముఖం కూడా చదువుతాను. ఏడాదికొకసారి మెయిన్ ఆపకుండా బ్యాటరీలు మారుస్తాను. ఆ కాస్సేపూ నా వేళ్లన్నీ ఒక్కొక్కటిగా నాకు గుర్తుంటాయి.

ఒక్కటి మాత్రం సర్దుకోలేకపోయాను. మొన్న షెడ్డు చూడడానికి వచ్చినవాళ్లకు దీదీ యంత్రాన్ని చూపిస్తూ, "బ్యాటరీ దగ్గర ఎవరైనా దెబ్బతింటారు. మా పైడిరాజు బాబాయ్ అంతటివాడే ఒకసారి పొరపాటు పడ్డాడు" అంది. ఆయన బతికి ఉండగా ఆ మాట నన్ను కాచింది. ఆయన పోయాక అది ఆయన పేరు మీద మరకలా కనిపించింది. వాళ్లు వెళ్లగానే దీదీ గదిలోకి వెళ్లి చెప్పేశాను. ఆయన చెప్పలేదని, నేనే శభాష్ కోసం చేశానని, ఇన్నేళ్లూ నోరు మెదపలేదని.

దీదీ కాగితాల మీంచి తల ఎత్తలేదు. "తెలుసు" అంది.

"ఎప్పుడు చెప్పారు ఆయన?"

"బాబాయ్ ఎందుకు చెప్తాడు? అరే అప్పన్నా, తప్పు నిజంగా ఆయనదే అయితే, నాలుగు రోజులు నువ్వు ఒక్క జోకు వేయకుండా ఉంటావా?"